ఆఖరి మనిషి వచ్చేదాకా

గోదావరి జిల్లాల వాళ్లకు పందెం అంటే ఎంత సరదావో వేరే చెప్పనక్కరలేదు. సంక్రాంతి వచ్చిందంటే కోడి మీద పందెం, పొట్టేలు మీద పందెం, ఎడ్లబండి మీద పందెం. ఏమీ దొరక్కపోతే, ఎదురుగా వస్తున్న బస్సు మన ఊరిదా పక్క ఊరిదా అన్నదాని మీద కూడా పందెమే. అయితే ఇందులో ఒక చిత్రం వుంది. పరుగెత్తేది ఎద్దు, పొడుచుకునేది పుంజు, గెలిచేది మాత్రం గట్టు మీద నిలబడిన మనం. మన ఒంటికి చెమట పట్టే పందెమంటే మాత్రం, "అవన్నీ కుర్రాళ్లకి లెండి" అని తప్పుకుంటాం. కుర్రాళ్లను అడిగితే, "పరీక్షలున్నాయండి" అంటారు.

అటువంటి మండపేటలో, నలభై అయిదేళ్లు నిండినదాన్ని, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని, ఒక ఆదివారం తెల్లవారుజామున కాలువలో దిగి ఈది, సైకిలెక్కి, ఏటిగట్టు మీద పరుగెత్తి, ఆఖరికి పడవలో తెడ్డు వేశానంటే వీధివాళ్లకు వింతగా వుండడంలో వింతేమీ లేదు. మా వారు రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు. మిల్లులో ఎవరో పెద్దమనిషి ఆయన్ని పట్టుకుని, "మేడంగారికి ఒంట్లో బాగానే వుందా అండీ?" అని ఆదరంగా అడిగారట. "బాగానే వుందండి. అందుకనే పరుగెడుతోంది" అన్నారట మా వారు. ఆ సంగతే నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.

దీనికంతకూ మూలం ఆత్రేయపురం. 2025 సంక్రాంతికి అక్కడి కాలువలో సర్ ఆర్థర్ కాటన్ గోదావరి ట్రోఫీ పేరుతో పడవ పందేలు పెట్టారు. కేరళలో 1952లో నెహ్రూగారు వెళ్లిన నాటి నుంచీ పేరుబడ్డ పడవ పందేల సంగతి మనం వినడమే గాని, మన కాలువలో, మన గట్టు మీద నిలబడి చూస్తామని ఎవరనుకున్నారు? పొడుగాటి డ్రాగను పడవలు, వాటితోపాటు ఈత పందేలు, గాలిపటాలు, ముగ్గుల పోటీలు కూడాను. మా కాలేజీ పిల్లలు పాతికమంది జొన్నాడ వంతెన దాటి, రావులపాలెం మీదుగా పోయి చూసివచ్చారు. నాకు ఒక పూతరేకుల పొట్లం తెచ్చారు. పొట్లంతోపాటు ఒక కోరిక కూడా తెచ్చారు.

"మేడంగారూ, మనం కూడా ఒక పందెం పెడదామండి."

"ఏం పందెం? ఈతా, పరుగా, పడవా?"

"అన్నీ కలిపేసండి."

అన్నీ కలిపిన పందెం లోకంలో వున్నదని నాకు వాళ్లే చెప్పారు. తరువాత నేనూ చదివి తెలుసుకున్నాను. హవాయి దీవుల్లో ఈతగాళ్లు గొప్పా, సైకిలు తొక్కేవాళ్లు గొప్పా, పరుగెత్తేవాళ్లు గొప్పా అని వాదన వచ్చిందట. మూడూ వరసగా చేసి చూద్దామన్నారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42 కిలోమీటర్ల పైచిలుకు పరుగు. 1978 ఫిబ్రవరిలో పదిహేనుమంది బయలుదేరితే పన్నెండుమంది పూర్తిచేశారు. దానికే ఐరన్‌మాన్ అని పేరు. 1983లో న్యూజీలండులో ఇంకొక పెద్దమనిషి, రాబిన్ జడ్కిన్స్ అనే ఆయన, పడమటి సముద్రం ఒడ్డున బయలుదేరి కొండలెక్కి దిగి, సైకిలు తొక్కి, ఏట్లో పడవ నడిపి తూర్పు సముద్రం చేరే పందెం పెట్టాడు. మొత్తం 243 కిలోమీటర్లు. ఆ దేశంలోనే 1989లో జెరార్డ్ ఫ్యూజిల్ అనే ఫ్రెంచి పత్రికా రచయిత, ఒక్కొక్కరు కాదు, జట్లు జట్లుగా రోజుల తరబడి అడవులూ ఏళ్లూ దాటే పందెం మొదలుపెట్టాడు. రైడ్ గాల్వాజ్ అన్నారు దాన్ని. ఇవాళ అడ్వెంచర్ రేసు అని లోకం పిలిచేదానికి పెద్దదిక్కు అదే.

ఆ పందెంలో రెండు నియమాలుండేవి. ఒకటి, జట్టులో ఒక ఆడమనిషి తప్పకుండా వుండాలి. రెండు, జట్టంతా కలిసే నడవాలి. మజిలీ మజిలీకీ అందరూ కలిసి చేరాలి. ఎంతటి వీరుడైనా ముందుగా వచ్చి గీత దాటితే దాటినట్టు కాదు. జట్టులో ఆఖరి మనిషి వచ్చినప్పుడే జట్టు వచ్చినట్టు లెక్క.

ఆ రెండో నియమం నా మనసుకు పట్టింది. ఇది న్యూజీలండు నుంచి రానక్కరలేదు, మన కోనసీమలోనే వుంది గదా అనిపించింది. కనుమనాడు జగ్గన్నతోటకు ప్రభలు వచ్చే తీరు చూసినవారికి నేను చెప్పేది తెలుస్తుంది. చుట్టూ పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు పచ్చని వరిచేలకు అడ్డంగా వచ్చి కౌశిక కాలువలో దిగుతాయి. కంఠం దాకా నీళ్లు, కాళ్ల కింద బురద, నెత్తి మీద ఈశ్వరుడు. మోసేవాళ్లలో ఏ ఒక్కడూ నేను ముందు గట్టెక్కుతానంటే కుదరదు. ఒక్కడి కాలు జారితే ప్రభ ఒరుగుతుంది. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం తరఫున నడిచిన శకటం ఈ ప్రభల తీర్థమే. దాన్ని పందెమని ఎవరూ అనలేదు గాని, ఒక్కడు గెలవడానికి వీలులేని పందెం అంతకంటే ఏముంటుంది?

"సరే, పెడదాం" అన్నాను.

పెడదామనడం తేలిక. పెట్టడంలోనే వుంది ముప్పు. మొదట దారి వేసుకున్నాం. మా మండపేట కాలువలో రేవు నుంచి రేవుకు నూరు మీటర్ల ఈత. అక్కడి నుంచి అంగర మీదుగా కపిలేశ్వరపురం దాకా సైకిలు. అక్కడ ఏటిగట్టు మీద నాలుగు కిలోమీటర్ల పరుగు. ఆపైన గౌతమి పాయలో నాటు పడవ మీద లంకకు వెళ్లి తిరిగి రావడం. ఈత ముందెందుకు, ఆఖర్న పెడితే చల్లగా వుంటుంది గదా అన్నాడొక కుర్రాడు. అలసిన ఒళ్లు గట్టు మీద పడితే మోకాలు చెక్కుకుపోతుంది, నీళ్లలో పడితే ప్రాణమే పోతుంది. అందుచేతనే సాధారణంగా ఇటువంటి పందేల్లో ఈత ముందు పెడతారు. పడవ ఎక్కేటప్పుడు మాత్రం ప్రతివాడూ లైఫ్ జాకెట్ తొడుక్కుని తీరాలన్నాను. "ఉక్కగా వుంటుందండి" అని నసిగినవాళ్లకు 2019 సెప్టెంబరు 15 గుర్తుచేశాను. కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన రోజది. ఆ తరువాత ఎవరూ నోరెత్తలేదు.

దారి మధ్యలో గురుతులు వెతుక్కునే పని కూడా ఒకటుండాలట. పైదేశాల్లో పటమూ దిక్సూచీ ఇస్తారు. మేము పొడుపుమాటలు ఇచ్చాం. అది నా వాటా. "నోట్లో ధాన్యం, వీపున పొగ, ఒళ్లంతా ఊక" అంటే రైస్ మిల్లు. "పొద్దస్తమానం ప్రయాణమే, ఊరు మాత్రం దాటడు" అంటే రేవు దాటించే పడవవాడు. బి.కాం. పిల్లలు తెలుగు మాటల అర్థాల కోసం నన్ను వెతుక్కుంటూ రావడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.

అన్నిటికంటె పెద్ద చిక్కు ఈత దగ్గర వచ్చింది. పేర్లిచ్చినవాళ్లు నలభై ఎనిమిదిమంది. "ఈత ఎందరికి వచ్చు?" అంటే మగపిల్లలందరూ చెయ్యెత్తారు. కాలువకు అడ్డంగా తాడు కట్టించి, ఒక్కొక్కణ్ణీ దింపి చూస్తే సగంమంది తాడు వదల్లేదు. ఆడపిల్లల్లో వచ్చినవాళ్లు ఇద్దరు.

నాకు నోట మాట రాలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కు పూర్తయింది. ఆ కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికే గాక, లాకులు కట్టి పడవలు నడపడానికి కూడా తవ్వించారు. మా తాతగారి రోజుల్లో ధాన్యం, బెల్లం, పెళ్లివారు, అందరూ ఆ కాలువల్లోనే ప్రయాణం. లంక గ్రామంలో పుట్టినదాన్ని గనక, నా చిన్నతనంలో మా నాన్నగారు రెండు ఎండు కొబ్బరికాయలు జంటగా తాడుతో కట్టి, వాటి మధ్య నన్ను పడుకోబెట్టి నీళ్లలోకి నెట్టారు. ఏడ్చాను, నీళ్లు తాగాను, నాలుగో నాటికి ఈదాను. ఇప్పుడో? ఇంటింటికీ కుళాయి వచ్చింది. కాలువకు వెళ్లే పని తప్పింది. మంచిదే. కాని కాలువ ఎక్కడికీ పోలేదు. ఊరి మధ్యనే వుంది. దాని గట్టు మీదనే పిల్లలు బడికి పోతారు, బళ్లు పోతాయి. చుట్టూ నీళ్లు పెట్టుకుని, ఈత మరచిపోయిన ఊళ్లం అయిపోయాం. ఐక్యరాజ్యసమితి వారు 2021లో జూలై 25ను నీట మునకల నివారణ దినమని ప్రకటించారంటే, ఈ బాధ మన ఒక్కరిదే కాదన్నమాట. అయినా డెల్టాలో పుట్టిన పిల్ల నీళ్లు చూసి భయపడడం, మిల్లు ఇంట్లో పుట్టినవాడు బియ్యం ఎరగననడం వంటిది.

సరే, పందెం వాయిదా వేసి ఈత మొదలుపెట్టాం. దసరా సెలవుల్లో, తెల్లవారుజామున ఆడపిల్లలకు, ఎండ వచ్చాక మగపిల్లలకు. మగపిల్లలకు ఒక ముసలి సరంగు దొరికాడు. ఆడపిల్లలకు ఎవరు నేర్పుతారు? రేవు దగ్గర చేపలమ్మే ఒకావిడ వుంది. నడుం చుట్టూ కొంగు బిగించి నీళ్లలో దిగి ఒక్క మాట చెప్పింది.

"నీళ్లతో దెబ్బలాడకండమ్మా. నీళ్లు మనల్ని మోత్తాయి. మొయ్యనివ్వాలంతే."

ఎమ్మే చదివి ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పాను గాని, ఇంత తక్కువ మాటల్లో ఇంత పాఠం నేనెన్నడూ చెప్పలేదు.

తల్లులను ఒప్పించడం మాత్రం ఆవిడవల్ల కూడా అంత సులువుగా కాలేదు. బి.ఏ. చదివే ఒకమ్మాయి తల్లి నేరుగా మా ఇంటికే వచ్చింది. "ఆడపిల్ల కాలువలో దిగి ఈదడమేమిటండీ? చూసినవాళ్లు నవ్వరా?" అంది. నేను గోలి శ్యామలగారి సంగతి చెప్పాను. మన పక్కనున్న సామర్లకోట ఆవిడే. విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు సముద్రంలో రోజుకింత చొప్పున ఈది, 2025 జనవరి మొదటి వారంలో ఒడ్డు చేరింది. అప్పటికి ఆవిడకు 52 ఏళ్లు. "నవ్వారా? దండలు వేశారు" అన్నాను.

"ఆవిడకేమండీ, పెద్దావిడ. మా అమ్మాయికి పెళ్లి కావాలి" అందా తల్లి.

దానికి నా దగ్గర జవాబు లేదు. బుట్ట దింపుకుని వాకిట్లో కూర్చున్న చేపలావిడ అందుకుంది. "పడవ మునిగినప్పుడు నీళ్లు ఆడా మగా చూడవండి. పెళ్లయిందా లేదా అనీ అడగవు."

ఆ తల్లి మాట్లాడకుండా లేచి వెళ్లిపోయింది. మరునాడు తెల్లవారుజామున కూతురితోపాటు రేవుకు వచ్చి మెట్ల మీద కూర్చుంది. వారం తిరిగేసరికి కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ గాలివానకు పది రోజులు రేవు ముఖం ఎవరూ చూడలేదు. ఇక మానేస్తారేమో అనుకున్నాను. పదకొండో రోజున నేను వెళ్లేసరికి నాకంటె ముందే ఆ తల్లీ కూతుళ్లు మెట్ల మీద వున్నారు.

కార్తీకం వెళ్లాక రెండేసి వారాల ఎడంలో మూడు ఆదివారాలు పెట్టుకున్నాం. ఒక్క పందెం పెడితే ఒక్కరోజు సరదా, మూడు పెడితే మధ్యలో నేర్చుకోవడానికి వ్యవధి వుంటుందని. నలుగురేసి జట్లు. జట్టుకొక ఆడపిల్ల తప్పనిసరి. దానితో పన్నెండు జట్లు కాస్తా తొమ్మిదయ్యాయి. ఆడపిల్లలు దొరకని మగపిల్లల జట్లు మూడు గట్టు మీద నిలబడి చూశాయి. ఈసారికి చెల్లెళ్లకూ అక్కలకూ ఈత నేర్పుకుని వస్తామని వాళ్లే అన్నారు.

మొదటి ఆదివారం సార్వా కోతల రోజులు. అంగర దారి పొడుగునా సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి వుంది. పందెం హుషారులో సైకిళ్లు దాని మీదుగా పోతే రైతు ఊరుకుంటాడా? ఊరుకోకూడదు కూడాను. అందుచేత "ధాన్యం తొక్కితే పది నిమిషాల జరిమానా" అని నియమం పెట్టాం. ఇటువంటి నియమం ప్రపంచంలో మరే పందెంలోనూ వుండదనుకుంటాను. ఒక జట్టు ఒక రైతుకు రాశి మీద కప్పిన బరకం గాలికి లేస్తే దిగి సర్ది మరీ వెళ్లింది. ఆ జట్టుకు అయిదు నిమిషాలు కలిసివచ్చేట్టు చేశాం. నియమాల్లో లేదని ఎవరూ గొడవ చేయలేదు.

రెండో ఆదివారం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది.

ముప్పై ఆరుమంది కాలువలో దిగారు. మా వారు గట్టు మీద కాగితం పట్టుకుని ఎక్కినవాణ్ణి ఎక్కినట్టు పేరు కొడుతున్నారు. అందరూ ఎక్కారు. సైకిళ్లు తీస్తున్నారు. మా వారు తలెత్తి, "ముప్పై అయిదు" అన్నారు. మళ్లీ లెక్కపెట్టాం. ముప్పై అయిదే. మూడోసారీ అంతే. ఒక బి.కాం. కుర్రాడి పేరు పక్కన గుర్తు లేదు. వాడి జట్టువాళ్లు ముగ్గురూ మొహాలు చూసుకుంటున్నారు. "వెనకే వున్నాడండి. వెనకే వస్తున్నాడనుకున్నాం" అంటున్నారు.

నేను ఈల ఊదించి పందెం ఆపేశాను. సరంగు నీళ్లలో దూకాడు. చేపలావిడ దూకింది. ఈత వచ్చిన పెద్దకుర్రాళ్లను తాడు పట్టుకుని వరసగా దించి నడిపించాం. కాలువ ఎప్పటిలాగే నిమ్మళంగా పోతోంది. ఆ నీళ్లకేసి చూస్తూ నిలబడ్డ ఇరవై నిమిషాలు ఎట్లా గడిచాయో నాకు తెలియదు. ఆడపిల్లలు ఏడుస్తున్నారు. వాడి తల్లికి ఎవరు చెప్పాలి, ఏమని చెప్పాలి అన్నదొక్కటే నా తలలో తిరుగుతోంది.

అంతలో ఆ తల్లే వచ్చింది, కొడుకును చెవి పట్టుకుని నడిపించుకుంటూ. జరిగిందేమిటంటే, మధ్యలో వాడి పిక్క పట్టేసింది. దగ్గరగా వుందని అవతలి గట్టెక్కాడు. సిగ్గేసి, ఎవరికీ చెప్పకుండా, సందులోంచి ఇంటికి పోయి బట్టలు మార్చుకుని ఇడ్లీ తింటున్నాడు. "పందెం వుందన్నావు గదరా, ఎక్కడ నీ జట్టు?" అని తల్లి అడిగితే బయటపడింది.

అందరూ వాణ్ణి తిట్టారు. నేను తిట్టలేదు. తిట్టడానికి గొంతు రాలేదు. ఆ రోజు పందెం అక్కడితో ఆపేసి, రేవు మెట్ల మీదనే కూర్చుని మాట్లాడుకున్నాం. మా వారు ఒక ఉపాయం చెప్పారు. మిల్లులో బస్తాలు మోసేటప్పుడు బస్తాకొక బిళ్ల చేతిలో పెట్టేవారట. సాయంత్రం బిళ్లలు లెక్కపెడితే బస్తాల లెక్క తేలేది. నోటితో చెప్పిన లెక్క తప్పవచ్చు గాని బిళ్ల తప్పదు. అదే ఇక్కడా పెడదామన్నారు. ఒక చెక్కపలక మీద అంకెలు వేసిన ముప్పై ఆరు మేకులు. నీళ్లలో దిగేటప్పుడు ప్రతివాడూ తన బిళ్ల తీసి మెడలో వేసుకోవాలి. గట్టెక్కగానే తన చేతితో తానే తగిలించాలి. ఒక్క మేకు ఖాళీగా వున్నా ఎవరూ సైకిలు ముట్టరాదు. చేపలావిడ ఇంకొకటి కలిపింది. నీళ్లలో ఇద్దరేసి జంటగా ఈదాలి, పక్కవాడు కనపడకపోతే మనం ఆగిపోవాలి. "మా వాళ్లు వేటకి ఒంటరిగా పోరండి" అంది.

మూడో ఆదివారానికి ఒక జట్టులో అమ్మాయికి ఇంట్లో పెళ్లి తగిలింది. ముగ్గురు మగపిల్లలూ నా దగ్గరకు వచ్చి చేతులు కట్టుకు నిలబడ్డారు. "మా జట్టుకు ఆడపిల్ల లేదండి. మీరు రావాలండి." ఆడపిల్లనని నన్ను ఎవరైనా అని పాతికేళ్లయింది. కాదనలేకపోయాను. బిళ్లల పలక మా వారికి, ఈల సరంగుకు అప్పగించి నీళ్లలో దిగాను.

ఈత గట్టెక్కాను. సైకిలు కూడా ఫరవాలేదు. ఏటిగట్టు మీద పరుగు దగ్గర మాత్రం నా మోకాళ్లు నా వయస్సు నాకు చెప్పాయి. మా జట్టులో పొడుగాటి కుర్రాడొకడు. వాడు పరుగెడితే కుక్కలు కూడా తరమడం మానుకుంటాయి. యాభై గజాలు ముందుకుపోవడం, వెనక్కి చూడడం, ఆగడం, కాళ్లు తాటించడం. ఆఖరికి వాడే వెనక్కి వచ్చి, తన నడుముకు తువ్వాలు కట్టుకుని రెండో కొస నా చేతికిచ్చాడు. "పట్టుకోండి మేడంగారూ, లాగుతాను" అన్నాడు. ఇదేమీ తప్పు కాదు. పెద్ద పందేల్లో బలమైనవాడు అలసినవాణ్ణి తాడుతో లాగడం వున్నదే. పూర్వం మన కాలువల్లో గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవలను లాగేవారు. ఆ పూట ఏటిగట్టు మీద పడవను నేనే. గడ్డి కోసుకునేవాళ్లు కొడవళ్లు ఆపి చూశారు. ఒకావిడ, "ఏమ్మా, ఎక్కడికి లాక్కెళ్తున్నాడు?" అని కేకేసింది. నవ్వితే ఆయాసం, ఆయాసపడితే నవ్వు.

పడవ ఎక్కాక లెక్క తారుమారైంది. ముగ్గురూ మూడు వైపుల తెడ్లు వేస్తే పడవ ఉన్నచోటనే గానుగెద్దులా తిరుగుతోంది. లంకలో పుట్టినదాన్ని, నేను చుక్కాని దగ్గర కూర్చుని, "హైలెస్సా" అని వరస చెప్పాను. ఆ మాటకు తెడ్లు కలిశాయి. ఇసుక తిన్నె ఎక్కడుందో నీటి రంగు చూసి తప్పించాను. పోతూ ఒక జట్టును, వస్తూ ఇంకొక జట్టును దాటాం. తొమ్మిది జట్లలో ఆరోవాళ్లం. గట్టు మీద కూలబడ్డాక పొడుగాటి కుర్రాడు, "నేనొక్కణ్ణే అయితే నలభై నిమిషాలు ముందే వచ్చేవాణ్ణండి" అన్నాడు.

"వచ్చి ఏం చేసేవాడివి?"

వాడు కాసేపు ఆలోచించాడు. "మీకోసం చూస్తూ కూర్చునేవాణ్ణండి."

ఆ మరుసటి వారం క్లాసులో నేను పిల్లలకు ఒక కుక్క కథ చెప్పాను. 2014లో ఈక్వడారులో ప్రపంచస్థాయి సాహస పందెం జరిగింది. మికేల్ లిండ్నార్డ్ అనే స్వీడను ఆయన దారిలో ఒక ఊరకుక్కకు మాంసం పెట్టాడు. అంతే, అది ఆ జట్టు వెంట అడవులూ బురదలూ దాటి నడిచింది. పడవలు ఎక్కేచోట దాన్ని వదిలిపెట్టమన్నారు. వీళ్లు పడవలు తోశారు. కుక్క నీళ్లలో దూకి ఈదుకుంటూ వెంటబడింది. ఆయన చూడలేక దాన్ని పడవలోకి లాక్కున్నాడు. తనతోపాటు స్వీడను తీసుకుపోయి పెంచుకున్నాడు. దానికి పెట్టిన పేరు ఆర్థర్. ఆ పేరు చెప్పేసరికి పిల్లలంతా ఒక్కసారిగా, "మన కాటన్ దొరగారి పేరండి!" అన్నారు.

కుక్క మాట వస్తే భారతం రాకుండా ఎట్లా వుంటుంది? ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికి రానన్న కథ చెప్పాను. వెంటనే ఒకమ్మాయి లేచింది. రేవు మెట్ల మీద తల్లిని కూర్చోబెట్టుకుని ఈత నేర్చుకున్న పిల్లే.

"మేడంగారూ, కుక్కను వదల్లేదు, బాగానే వుందండి. మరి ద్రౌపది పడిపోతే వెనక్కి చూడలేదు గదండీ? తమ్ముళ్లు నలుగురూ పడిపోయినా, ఎవరు ఏ తప్పు చేసి పడ్డారో చెప్పుకుంటూ ముందుకు పోయాడు గదండీ? మన పందెంలో అయితే జరిమానా పడేదండి."

క్లాసంతా ఘొల్లుమంది. ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠంలో ఈ ప్రశ్న ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. నిజమే. మహాప్రస్థానంలో ఆరుగురూ ఒక కుక్కా బయలుదేరారు. కొండ చివరకు చేరింది ఒక్కడూ కుక్కా. మా లెక్క ప్రకారం అది చేరినట్టు కాదు.

"పందెం అక్కడితో అయిపోలేదమ్మా" అన్నాను. "తిక్కనగారు ఇంకో పర్వం రాశారు. స్వర్గానికి పోయిన ధర్మరాజు అక్కడ తనవాళ్లు కనపడకపోతే, నాకీ స్వర్గం వద్దు, వాళ్లు ఎక్కడుంటే అక్కడికి తీసుకుపొమ్మన్నాడు. నరకంలో వాళ్ల గొంతులు వినపడితే, ఇక్కడే వుంటాను పొమ్మన్నాడు. దేవతలు ఆ తరువాతనే ఆయన లెక్క పూర్తయిందన్నారు."

ఆ పిల్ల కూర్చుంటూ మెల్లగా, "అయితే చివరకు బిళ్లలన్నీ తగిలించాడన్నమాట" అంది. స్వర్గారోహణ పర్వానికి ఇంతకంటె మంచి వ్యాఖ్యానం నా దగ్గర లేదు.

మా పందేల్లో మొదటి బహుమతి ఎవరికి వచ్చిందో ఊళ్లో చాలామందికి గుర్తులేదు. ఒక జట్టుకు వచ్చింది, తాపేశ్వరం కాజాలు అందరూ పంచుకున్నారు. నిలిచింది వేరే. మొదట్లో ఇద్దరికి ఈత వస్తే, ఇప్పుడు మా ఆడపిల్లలు ఇరవైముగ్గురు ఆ కాలువను అటూ ఇటూ ఈదగలరు. ఆ ఇరవైముగ్గురిలో లేని మనిషి ఇంకొకరున్నారు. మెట్ల మీద కూర్చున్న ఆ తల్లి. ఆవిడ ఇప్పుడు తాడు పట్టుకుని తేలుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఎటూ నీళ్లుండవు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదలగానే తెల్లవారుజామున రేవు దగ్గర కలుస్తామని అందరూ ఒట్టు పెట్టుకున్నారు.

పందెం పెట్టడమెట్లా అని పక్క ఊళ్ల నుంచి ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతాను. మీ ఊళ్లోనూ కాలువ వుంటే, ముందు రేవుకు అడ్డంగా ఒక గట్టి తాడు కట్టండి. నీళ్లతో దెబ్బలాడకుండా బతికిన మనిషిని ఒకరిని వెతికి, గురువుగారూ అని దండం పెట్టండి. మేకులు కొట్టిన పలక ఒకటి చేయించండి. దాని దగ్గర, ఎంత ఆలస్యమైనా విసుక్కోకుండా ఆఖరి బిళ్ల కోసం చూసే మనిషిని ఒకరిని నిలబెట్టండి. కప్పులూ, బహుమతులూ, బ్యానర్లూ ఆ తరువాత చూసుకోవచ్చు.